ప్రవాసబంధువుల ధనమును ప్రభుత్వపు పన్నును

సముద్రము దాటిన బంధువు ఇంటికి ధనము పంపుట మన కుటుంబములకు నిన్న మొన్నటి విషయము కాదు. విశాఖపట్టణ, గోదావరీ మండలముల నుండి కూలివాండ్రు ఓడలెక్కి రంగూనునకు పోయిన కాలమున, తపాలా బంట్రోతు తెచ్చు మనియార్డరే అనేక గృహములకు ఆధారముగా నుండెను. అక్కడి తెలుగువారిని బర్మీయులు కోరంగీలని పిలిచిరి. గోదావరీముఖమునందలి కోరంగి రేవు పేరే వారికి జాతినామమైనది. ఆ ధనముపై పన్ను మాట నాడు కూలివాండ్ర యిండ్లలో వినబడలేదు. వారి వేతనము ఆదాయపు పన్ను విధింపదగిన మొత్తమునకు చేరకుండెను. అదియునుగాక 1937 ఏప్రిల్ 1వ తేదీ వరకు బర్మా బ్రిటిషు ఇండియాలోని యొక భాగమే కాని పరదేశము కాదు.

నేడు మన సంఘీయులలో అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫు దేశములలోనో సంతానము గాని సోదరులు గాని లేని గృహములు అరుదగుచున్నవి. అచ్చటినుండి వచ్చు ధనమునకు పన్ను కలదా యని పెద్దలు తరచుగా మమ్మడుగుచుందురు. కొందరు కుమారుడు పంపిన మందుల ఖర్చునకు సైతము భయపడుచున్నారు. మరికొందరు బంధువిచ్చినదానికి పన్నెక్కడిదని ధీమాగా నున్నారు. ఈ రెండును సరి కావు. నేటి నియమము తెలియవలెనన్న అది వచ్చిన త్రోవ కొంత తెలియవలెను.

1922 నాటి ఆదాయపు పన్ను చట్టమును 1939లో సవరించినపుడు విచిత్రమైన నిబంధన యొకటి చేర్చబడినది. పరదేశమున నివసించు భర్త, ఇక్కడి పన్నుకు లోబడని తన ఆదాయమునుండి బ్రిటిషు ఇండియాలోని భార్యకు పంపిన ధనము, ఆమెకు ఇక్కడనే కలిగిన ఆదాయముగా ఎంచబడునని దాని తాత్పర్యము. తల్లికి పంపినచో ఈ నియమము లేదు, తండ్రికి పంపినచో లేదు, భార్యకు మాత్రమే. భార్యను పోషించుట భర్తకు విధి యని స్మృతులు చెప్పుచుండ, ఆ పోషణద్రవ్యమునే ఆమె రాబడిగా చట్టము లెక్కించినది. 1961 నాటి చట్టములో ఈ నిబంధన కానరాదు. దానికి మారుగా నేడున్న న్యాయము తలక్రిందులైనది: భర్త పంపిన సొమ్ముపై భార్యకు పన్ను లేదు గాని, ఆ సొమ్మును బ్యాంకులో నుంచగా వచ్చిన వడ్డీ భర్త ఆదాయములో కలుపబడును. అప్పుడు మగని ధనము ఆలి ఆదాయము. ఇప్పుడు ఆలి వడ్డీ మగని ఆదాయము!

ఇక ఆ ధనము ఎవ్వరిదను ప్రశ్న యొకటి కలదు. కుటుంబద్రవ్యముతో చదివి పరదేశమున గడించినవాని యార్జనము ఉమ్మడిదా, సొంతమా? మన ధర్మశాస్త్రమున దీనికి విద్యాధనమని పేరు. విజ్ఞానేశ్వరుని మితాక్షరయందు దీని చర్చ కలదు. ఆ గ్రంథమును కేతన పదమూడవ శతాబ్దిలోనే తెనిగించుటచే తెలుగువారికి ఈ విచారము పాతదే. ఉమ్మడి కుటుంబపు వ్యయముతో శిక్షణ పొంది సివిలుసర్వీసులో చేరినవాని యార్జనము ఉమ్మడిదే యని 1921లో ప్రీవీకౌన్సిలు గోకల్‌చందు వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఆ తీర్పు విద్యావంతులకు కంటకమయ్యెను. 1930లో హిందూ విద్యార్జన చట్టము వచ్చి, చదువు ఎవరి వ్యయముతో జరిగినను ఆర్జనము ఆర్జించినవానిదే యని నిర్ణయించినది. మా యభిప్రాయమున ఈ కథకు మలుపు ఇదియే. ఉమ్మడి సొమ్మైనచో ఇంటికి పంపుట భాగము నప్పగించుట. సొంతమైనచో అది దానము. దానమన్న వెంటనే దాత, ప్రతిగ్రహీత, వారి నడిమి సంబంధము అను మూడు విషయములు ప్రభుత్వపు దృష్టిలో పడినవి.

మొదట దాతపై పన్ను పడినది. కాల్డరు పండితుని సూచనలననుసరించి 1958లో దానపు పన్ను చట్టము వచ్చెను. 1998 అక్టోబరు 1 నుండి చేసిన దానములకు అది వర్తింపలేదు. తరువాత ఆరేండ్లపాటు దాతకును పన్ను లేదు, ప్రతిగ్రహీతకును లేదు. లెక్కలలో చూపలేని సొమ్మును ఎవరో యిచ్చిన బహుమానమని వ్రాసికొనుట కిది అవకాశమిచ్చినది. దానిని అరికట్టుటకై 2004 సెప్టెంబరు 1 నుండి, బంధువు కాని వానివద్ద ప్రతిఫలము లేక 25,000 రూపాయలకు మించి పుచ్చుకొన్నచో అది పుచ్చుకొన్నవాని ఆదాయమే యని విధించిరి. 2006లో ఈ మితి సంవత్సరమునకు మొత్తముమీద 50,000 రూపాయలైనది. మితి దాటినచో దాటిన భాగమునకు మాత్రమే కాదు, మొత్తమునకును పన్ను కలదు. వివాహమున వధూవరులు పొందిన కానుకలకును, వీలునామా వలన గాని వారసత్వము వలన గాని వచ్చినదానికిని మినహాయింపు కలదు. ఉపనయనమునకు లేదు, షష్టిపూర్తికి లేదు.

ఈ చట్టములో బంధువనగా నెవడు? మన శాస్త్రములో సపిండత తండ్రివైపున ఏడు తరములు, తల్లివైపున అయిదు తరములు వ్యాపించును. చట్టము ఒక పట్టిక నిచ్చినది: భార్యాభర్తలు, తోబుట్టువులు, భార్య లేక భర్త యొక్క తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు, తనకును తన భార్యకు లేక భర్తకును నేరుగా పైతరములవారు, క్రిందితరములవారు, మరియు వీరి భార్యలు, భర్తలు. ఈ సంబంధమును పుచ్చుకొనువాని వైపునుండి చూడవలెను. కావున కుమారుడు తల్లిదండ్రులకు ఎంత పంపినను పన్ను లేదు. అల్లుడు అత్తమామలకు పంపినను లేదు. తోడల్లుడు ఈ పట్టికలో చేరును, వియ్యంకుడు చేరడు.

పినతండ్రి అన్నకుమారునకు ఇచ్చినచో, అతడు తండ్రి తోబుట్టువు గనుక పన్ను లేదు. అదే అన్నకుమారుడు అమెరికా నుండి పినతండ్రికి లక్ష రూపాయలు పంపినచో, ఆ లక్షయు పినతండ్రి ఆదాయము! పట్టికలో తల్లిదండ్రుల తోబుట్టువులున్నారు గాని, తోబుట్టువుల బిడ్డలు లేరు. మేనమామకును మేనల్లునకును ఇదే గతి. అన్నకుమారుడు తన తండ్రికి పంపి, ఆ తండ్రి తమ్మునకిచ్చినచో పన్ను లేదని లెక్కలు తెలిసినవారు చెప్పుదురు. తల్లిదండ్రులిరువురును గతించి పినతండ్రి యింట పెరిగినవానికి ఆ త్రోవయు సామాన్యముగా మూతపడును. దత్తత జరిగియున్నచో వాడు పుత్రుడే, చిక్కు లేదు. దత్తత లేక, అన్నము పెట్టి, జీతము కట్టి చదివించిన పినతండ్రికే పన్ను. మన గృహములలో ఇట్లు పెరిగి విదేశములకు పోయినవారు ఎందరు లేరు?

మన భాష వలన మరియొక చిక్కు కలుగుచున్నది. పెదతండ్రి కుమారుని మనము అన్న యందుము. అతనికి వేరు పేరు లేదు. లెక్కలడిగినపుడు పెద్దలు నిష్కపటముగా అన్న యని చెప్పుదురు. చట్టమునకు అన్న యనగా తోడబుట్టినవాడే. కావున ధనము పంపువారు ఒక లేఖలో సంబంధమును విప్పి వ్రాసి, సంతకముచేసి పంపవలెను. పుచ్చుకొన్నవారు దానిని బ్యాంకు పుస్తకముతో భద్రపరుపవలెను. తీర్చుచున్న అప్పైనచో అప్పని వ్రాయుడు. అప్పు తీర్చుట దానము కాదు.

ఇచ్చటినుండి అచ్చటికి పోవు ధనమును గూర్చి కొలదిగా చెప్పెదము. రిజర్వుబ్యాంకు పథకము క్రింద 2004లో సంవత్సరమునకు 25,000 డాలర్లు పంపుటకు అనుమతి కలిగినది. 2015లో అది 2,50,000 డాలర్లైనది. 2020 అక్టోబరు నుండి మితి మించిన మొత్తముపై బ్యాంకువారు కొంత ముందుగా వసూలు చేయుచున్నారు. 7 లక్షలుగా నున్న ఆ మితి 2025 ఏప్రిల్ 1 నుండి 10 లక్షలైనది. ఇది అదనపు పన్ను కాదు; లెక్కలు దాఖలు చేసినచో పన్నులో సర్దుబాటగును, లేదా తిరిగి వచ్చును. దాఖలు చేయక ఆ సొమ్మును వదలుకొను తల్లిదండ్రులను చూచి చింతించుచున్నాము. అమెరికాలోని బిడ్డ ఇచ్చటినుండి ఏటికి లక్ష డాలర్లకు మించి పొందినచో పన్ను లేకున్నను 3520 సంఖ్యగల ఫారము అక్కడ దాఖలు చేయవలెను. మరచినచో జరిమానా భారము. ఆ దేశమువారు 2026 జనవరి 1 నుండి నగదు, మనియార్డరు మొదలగువానితో బయటికి పంపు ధనముపై నూటికి ఒకటి చొప్పున సుంకము విధించిరి. బ్యాంకు ఖాతా నుండి పంపినచో అది లేదు.

2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు 2025లో నూతన ఆదాయపు పన్ను చట్టము చేయబడినది. ప్రకరణముల సంఖ్యలు మారినవి, వాక్యములు సులభమైనవి; బంధువుల పట్టిక మాత్రము వెనుకటిదే. ఈ మహాసభలో తీర్మానముల సంఘమువారు ఒక విజ్ఞప్తిని పరిశీలింపవలెనని కోరుచున్నాము. తోబుట్టువుల కుమారులను, కుమార్తెలను ఆ పట్టికలో చేర్చవలెనని కేంద్ర ఆర్థికశాఖకు వ్రాయుట మన కులమునకే గాక అందరకును ఉపకరించును. అడుగవలసినది క్రొత్త మినహాయింపు కాదు. పినతండ్రి ఇచ్చినపుడున్న న్యాయము అతడు పుచ్చుకొన్నపుడును ఉండవలెననుట మాత్రమే.