సుల్తాన్ ఖాన్ షత్రంజ్

కపబ్లాంకాను ఓడించిన మీర్ సుల్తాన్ ఖాన్ పేరు చెబితే మన పిల్లలు తెల్లముఖం వేస్తారు. పంజాబులో ఆయన నేర్చింది దేశీ షత్రంజ్. అందులో బంటుకు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే. సర్ ఉమర్ హయాత్ ఖాన్ వెంట 1929లో లండన్ వెళ్లి, ఆ ఏడే బ్రిటిష్ చాంపియన్ అయ్యారు!

1930-31 హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ విజేత కపబ్లాంకా నల్లపావులతో క్వీన్స్ ఇండియన్ డిఫెన్స్ పట్టాడు. మంత్రివైపు శకటును వారగా నిలిపి, నడిమి గళ్లను దూరం నుంచే కాచే పద్ధతి అది. సుల్తాన్ ఖాన్ తొందరపడలేదు. ఆరంభంలోనే ఓరబంటును ఒక్క గడి జరిపారు, అచ్చం దేశీ ఆటలోలాగే. ఆ ఆటను మేము బోర్డుమీద వేసి చూస్తే, 65వ ఎత్తు దాకా ఆ నిదానం తగ్గలేదు. కపబ్లాంకా ఓడిపోయాడు.

ఆయనను నౌకరని రాసినవారున్నారు, కుటుంబంవారు ఒప్పుకోరు. 1966లో పోయారు. గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు 2024లో వచ్చింది.