కూర్పు అనే మాట వెనక

మా ఊరి టూరింగ్ టాకీసులో సినిమా మొదలవగానే తెరమీద పేర్లు పడేవి. మాటలు, పాటలు, సంగీతం, కళ, ఛాయాగ్రహణం, కూర్పు. మిగిలినవాటి అర్థం చిన్నతనంలోనే ఎంతోకొంత తెలిసేది. ‘కూర్పు’ మాత్రం బోధపడేది కాదు. ఎవరు, దేన్ని కూర్చారు? పూలదండ కూర్చినట్టు సినిమానూ కూరుస్తారా? అడిగితే పెద్దవాళ్ళు “మాట్లాడకుండా బొమ్మ చూడరా” అనేవారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఎన్నో ఏళ్ళ తరువాత, ఈ పరాయి దేశంలో, ఆసుపత్రి రాత్రి డ్యూటీల నడుమ చదివిన ఒక పాఠ్యపుస్తకంలో దొరికింది. డేవిడ్ బోర్డ్‌వెల్, క్రిస్టిన్ థాంప్సన్ కలిసి రాసిన ‘ఫిల్మ్ ఆర్ట్: ఆన్ ఇంట్రడక్షన్’ మొదట 1979లో వెలువడింది. సినిమాను చదువుగా చదివేవారికి అది పెద్దబాలశిక్ష వంటిది.

అందులోని పరిభాషను ఒక్కొక్క మాటగా నేర్చుకుంటూ ఉంటే వైద్యకళాశాలలో మొదటి సంవత్సరం గుర్తుకు వచ్చింది. శరీరాన్ని కోసి చూపించిన తొలిరోజున నాకు కనబడినది అంతా ఒకే రంగు ముద్ద. ఇది నరం, ఇది ధమని, ఇది కండర బంధనం అని పేర్లు తెలిసినకొద్దీ ఆ ముద్దే విడివడి కనిపించసాగింది. పేరు తెలియనిదాన్ని కన్ను దాటిపోతుంది. సినిమా విషయంలోనూ అంతే. అయితే ఆ పుస్తకం మాటలను అవి చేసే పనిని బట్టి అధ్యాయాలుగా విభజించింది. నేను వాటిని పుట్టిన వరుసలో పేర్చుకుని చూశాను. అప్పుడు ప్రతి మాట వెనకా ఒక అవసరమో, ఒక వివాదమో కనబడింది.

1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కెఫేలో లూమియేర్ సోదరులు పది చిత్రాలు ప్రదర్శించారు. ఒక్కొక్కదాని నిడివి ఒక నిమిషం లోపే. కెమెరా తిరగడం మొదలైనప్పటినుంచి ఆగేవరకు ఎడతెగకుండా నమోదైన భాగాన్ని ఇవాళ ‘షాట్’ అంటున్నాం. ఆ పది చిత్రాల్లో ప్రతిదీ ఒకే షాట్. సినిమా అంతా ఒకే షాట్ అయినప్పుడు షాట్‌కు వేరే పేరు అక్కరలేదు. రెండో ముక్క వచ్చి పక్కన చేరినప్పుడే మొదటిదానికి పేరు కావలసివచ్చింది.

ఆ ముక్కలను చేర్చడంలో ఆరితేరినవాడు అమెరికా దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్. ఏకకాలంలో రెండు చోట్ల జరిగే సంగతులను మార్చిమార్చి చూపించి ఉత్కంఠ పెంచే పద్ధతికి ‘క్రాస్ కటింగ్’ అని పేరు. ఆయన 1915లో తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ ముగింపులో ఒకవైపు నల్లజాతి సైనికుల ముట్టడిలో చిక్కుకున్న తెల్లవారు, మరోవైపు వారిని రక్షించడానికి గుర్రాలపై దూసుకొస్తున్న కు క్లక్స్ క్లాన్ ముఠా. దృశ్యాలు మారేకొద్దీ ప్రేక్షకుడి నాడి వేగం పెరుగుతుంది. వాళ్ళు సమయానికి చేరుకుంటే బాగుండునని మనసు కోరుతుంది. ఎవరి రాకను తాను కోరుతున్నాడో ఆలోచించుకునే వ్యవధిని కూర్పు ఇవ్వదు. నల్లజాతి ప్రజల హక్కుల సంఘాలు ఆ చిత్రాన్ని తీవ్రంగా ప్రతిఘటించాయి. అయినా దాన్ని అధ్యక్షభవనంలో ప్రదర్శించారు. ఏనాడో అణగారిన క్లాన్‌కు ఆ ఏడాదే జార్జియాలో మళ్ళీ ప్రాణం పోశారు. కొత్త సభ్యులను చేర్చుకోవడానికి ఆ సినిమా వారికి సాధనమైంది. పరిభాష పండితుల కాలక్షేపమని అనుకునేవారు ఈ ఒక్క ఉదాహరణను తలచుకోవాలి.

గ్రిఫిత్ మరుసటి ఏడు తీసిన ‘ఇంటాలరెన్స్’ను విప్లవానంతరం మాస్కోలో కొందరు యువకులు శ్రద్ధగా పరిశీలించారు. కొత్త ఫిల్ముకు కరువైన రోజులవి. ఉన్న చిత్రాలనే కత్తిరించి, తిరగమరగ అతికించి చూశారు. వారిలో లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం పేరు పొందింది. నటుడు మొజుఖిన్ ముఖాన్ని, ఏ భావమూ లేనిదాన్ని, ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఆడుకునే పాప పక్కన అతికించాడు. ప్రేక్షకులు ఆ ముఖంలో ఆకలిని, దుఃఖాన్ని, వాత్సల్యాన్ని చూసి నటనను మెచ్చుకున్నారట. ఆ ఫిల్ము మిగలలేదు. పుదోవ్కిన్ రాసిపెట్టిన వర్ణన మిగిలింది. భావం ముక్కలో లేదు, రెండు ముక్కల నడుమ ఉందన్నది దాని సారాంశం.

దానికి ‘మొంతాజ్’ అని పేరు. యంత్రభాగాలను బిగించడానికి ఫ్రెంచివారు వాడే మాట అది. ఇంజనీరింగు చదివిన ఐజెన్‌స్టెయిన్‌కు ఆ మాట సహజంగానే నచ్చివుంటుంది. రెండు షాట్లు ఢీకొంటే మూడో అర్థం పుడుతుందన్నాడు. 1925లో వచ్చిన ‘బ్యాటిల్‌షిప్ పొటెంకిన్’లో ఒడెస్సా మెట్లమీద జరిగే ఊచకోత అందుకు సాక్ష్యం. 1905లో ఆ నగరంలో కాల్పులు జరిగిన మాట నిజమే. మెట్లమీద, తెరపై చూపించిన రీతిలో మాత్రం జరగలేదని చరిత్రకారులు చెబుతారు. అయినా లోకానికి గుర్తున్నది ఆ మెట్లే.

ఈ బలవంతాన్ని ప్రశ్నించినవాడు ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాన్. ముక్కలుగా కోసి చూపిస్తే ఏది చూడాలో దర్శకుడే నిర్ణయిస్తాడు. దూరమూ దగ్గరా సమంగా స్పష్టంగా కనబడే ‘డీప్ ఫోకస్’లో, కోత లేకుండా సాగే ‘లాంగ్ టేక్’లో, ఆ స్వేచ్ఛ ప్రేక్షకుడికి దక్కుతుందని ఆయన వాదం. ‘సిటిజన్ కేన్’ (1941)లో తల్లి బల్ల దగ్గర కూర్చుని కొడుకును పరాయివారికి అప్పగించే కాగితాలపై సంతకం పెడుతూంటే, వెనక కిటికీలోంచి మంచులో ఆడుకుంటున్న ఆ పిల్లవాడు కనబడుతూనే ఉంటాడు. వాడివైపు చూడమని ఎవరూ చెప్పరు. మనమే చూస్తాం. అందుకే ఆ దృశ్యం గుండెను మెలిపెడుతుంది. ఇలా చట్రంలో మనుషులను, వస్తువులను, వెలుగును అమర్చడానికి నాటకరంగం నుంచి వచ్చిన పేరు ‘మిజాన్‌సేన్’. బజాన్ 1958లో ల్యుకీమియాతో నలభయ్యో ఏట మరణించాడు. ఆయన చేరదీసిన త్రూఫో తన మొదటి పెద్ద చిత్రాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

ఆ త్రూఫో 1954లో రాసిన వ్యాసంతో దర్శకుడే చిత్రకర్త అనే అర్థంలో ‘ఓటర్’ అన్న ఫ్రెంచి మాటకు ప్రాచుర్యం వచ్చింది. ఈ మాటతో నాకు పేచీ ఉంది. ‘మాయాబజార్’ (1957) కె.వి. రెడ్డిది అంటే సరే. మరి పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్లే వెన్నెల? ఒక మాట కొన్నిటిని చూపిస్తుంది, కొన్నిటిని మరుగుపరుస్తుంది. పుస్తకం ఈ సంగతిని మరికాస్త విస్తరించి ఉంటే బాగుండేది.

చదవడం పూర్తయ్యాక ‘మాయాబజార్’ మళ్ళీ చూశాను. ప్రియదర్శిని పెట్టె తెరిచినవారికి తమకు ప్రియమైనది కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. కులెషోవ్ ముఖాన్ని మార్చకుండా వస్తువును మార్చాడు. ఇక్కడ పెట్టె మారదు, ముఖాలు మారుతాయి. ముఖాన్నీ పెట్టెలోని బొమ్మనూ పక్కపక్కన చేర్చడంలోనే వేళాకోళమూ, రాబోయే కథా ఇమిడి ఉన్నాయి. ఎన్నోసార్లు చూసి నవ్వుకున్న ఘట్టమే. ఎందుకు నవ్వానో ఇప్పుడు తెలిసింది. తెలిసినందువల్ల నవ్వు తగ్గలేదు.

ఈ పుస్తకం చదవదలచినవారు కూర్పును గురించిన అధ్యాయంతో మొదలుపెట్టడం మేలు. పక్కన మీకు కంఠతా వచ్చిన సినిమా ఒకటి పెట్టుకోండి. ఒక్క దృశ్యం తీసుకుని ఎక్కడెక్కడ కోత పడిందో లెక్కపెట్టండి. పెద్దవాళ్ళు చూడమన్న ఆ బొమ్మను నేను నిజంగా చూడటం మొదలుపెట్టింది అలా లెక్కపెట్టిన రాత్రే.