విశాఖకు వచ్చినవారు, విశాఖలో ఊళ్లు పోయినవారు

మన పట్టణాల చరిత్రలు ఎక్కువగా రెండు పద్ధతుల్లో వెలువడుతున్నాయి. ఒకటి శంకుస్థాపనల పద్ధతి. ఏ పెద్దమనిషి ఏ తేదీన ఏ రాయి వేశాడో చెప్పి అంతటితో ముగిస్తారు. రెండవది జనాభా లెక్కల పద్ధతి. విశాఖపట్నం జనాభా 1901లో 40,892, 1951లో 1,08,042, 2011లో 17 లక్షల 28 వేలు. ఈ అంకెలను వరుసగా పేర్చి, 'చిన్న జాలరిపల్లె మహానగరం అయింది' అంటారు.

ఈ వాక్యంలో రెండు దోషాలున్నాయి. 1901 నాటి విశాఖ జాలరిపల్లె కాదు. పెద్ద జిల్లాకు కేంద్రం, నలభై వేల మంది పట్టణం. రెండవ దోషం ఇంకా పెద్దది. 'అయింది' అన్న క్రియ వెనక మనుషులు కనపడరు. ఎవరు వచ్చి చేస్తే అయింది? ఎవరు చోటు వదిలితే అయింది? ఈ రెండు ప్రశ్నలూ ఒకే ప్రశ్నకు రెండు ముఖాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట వచ్చినవారి సంగతి. రేవు కట్టకముందు ఈ తీరానికి జనం రావడం కంటె ఇక్కడినుంచి పోవడమే ఎక్కువ. పాత విశాఖపట్నం జిల్లాలో అధికభాగం జమీందారీలు. శిస్తులతో, అప్పులతో, వానలు తప్పిన ఏళ్లతో నలిగిపోయిన రైతుకూలీలు భీముని పట్నంలో, విశాఖలో, కాకినాడలో ఓడలెక్కి రంగూన్ చేరేవారు. అక్కడి రేవులో బరువులు మోసింది చాలావరకు తెలుగు కూలీలే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య ఘోరమైన అల్లర్లు చెలరేగాయి. ఒకే బరువు మోసే రెండు జాతుల పేదలను ఒకరిమీద ఒకరిని నిలబెట్టి కూలి తగ్గించుకునే నీతి ఎక్కడికి దారితీస్తుందో అప్పుడే లోకానికి తెలిసింది. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించగానే వేలాది మంది కాలినడకన కొండలు దాటి తిరిగివచ్చారు. 1960లలో బర్మా ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసిన తరువాత మరికొందరు వచ్చారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. ఒక నగరపు పేటపేరులో ఇంత చరిత్ర దాగి ఉంటుంది.

ఈ ప్రవాహం దిశ మారడానికి కారణం రేవు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని దగ్గరి దారిన సముద్రానికి చేర్చాలన్నది ఆనాటి ప్రభుత్వం ఆలోచన. దాని కోసం రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న ఉప్పుటేటి బురదను తవ్వి, రాళ్లు నింపిన రెండు పాత ఓడలను అలలకు అడ్డుగా ముంచి, రేవు కట్టారు. 1933 అక్టోబరులో 'జలదుర్గ' అనే ఓడ లోపలికి వచ్చింది. ఖనిజం దిగిన దారినే మనుషులూ దిగారు. బురద తవ్వినవారు, ఖనిజం తట్టలకెత్తినవారు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెల నుంచి వచ్చినవారే. వారికి తేదీలు లేవు, ఫలకాలు లేవు.

చదువూ అలాగే తరలి వచ్చింది. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు మారింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేసినప్పుడు పట్నం సగం ఖాళీ అయింది. విశ్వవిద్యాలయం కూడా కొంతకాలం గుంటూరులో తల దాచుకుంది. ఆ సంవత్సరాల్లోనే సింధియా కంపెనీ ఓడల నిర్మాణశాల లేచింది. 1941లో దానికి పునాదిరాయి పడింది. 1948 మార్చిలో మొదటి ఓడ 'జల ఉష'ను నెహ్రూ నీటిలోకి దింపాడు. తరువాత 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. మల్కాపురం, గాజువాక, మర్రిపాలెం, గోపాలపట్నం ఒక్కొక్కటే పట్నంలో కలుస్తూ వచ్చాయి.

1966 నాటి ఉక్కు ఉద్యమాన్ని గురించి ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అన్న నినాదంతో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. అమృతరావు నిరాహారదీక్ష పట్టాడు. రాష్ట్రమంతటా కాల్పుల్లో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన. ప్రజాపోరాటం సాధించిన పెద్ద విజయాల్లో ఇది ఒకటి. ఇందులో సందేహం లేదు.

అయితే, ఆ కర్మాగారం ఆకాశంలో కట్టలేదు. దాని కింద 64 గ్రామాలున్నాయి. పొలాలు, తాటితోపులు, చెరువులు, శ్మశానాలు, గ్రామదేవతల గుళ్లు ఉన్నాయి. ఆ జనాన్ని పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి నిర్వాసిత కాలనీలకు తరలించారు. ఇంటికొక ఉద్యోగమన్న హామీకి గుర్తుగా 'ఆర్ కార్డు' చేతికిచ్చారు. సుమారు 16,500 కార్డులు ఇస్తే, దాదాపు సగం మందికే ఉద్యోగాలు దక్కాయి. మిగిలినవారు కార్డును పెట్టెలో భద్రపరచుకుని ముసలివారయ్యారు. ఆ కార్డు వారసులకు సంక్రమించే ఏకైక ఆస్తి అయింది.

నేనూ ఈ నగరానికి వచ్చినవాణ్ణే. శ్రీకాకుళం జిల్లా పల్లెనుంచి ఉపాధ్యాయుడిగా వచ్చి గాజువాక ప్రాంతంలో కాపురం పెట్టాను. క్లాసులో 'మీ ఊరేది?' అని అడిగితే పిల్లలు రెండు రకాలుగా జవాబు చెబుతారు. కొందరు నరసన్నపేట, పాలకొండ, బొబ్బిలి అంటారు. కొందరు 'మా ఊరు ప్లాంటులో ఉందండి' అంటారు. మొదటివారికి సంక్రాంతికి వెళ్లడానికి ఊరుంది. రెండవవారికి లేదు. ఆ రెండు రకాల పిల్లలూ ఒకే బల్లమీద కూర్చుంటారు. పెద్దలు మాత్రం ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు. 'బయటినుంచి వచ్చి మా ఉద్యోగాలు తన్నుకుపోయారు' అని ఒకరు. 'భూమి పోయిందని ఎన్నాళ్లు అడుగుతారు' అని ఒకరు. రంగూన్ రేవులో జరిగినదానికి ఇది పలచని నీడ.

నిజానికి ఈ ఇద్దరినీ కదిలించింది ఒకే శక్తి. పల్లెలో బతుకు లేకుండా చేసి ఒకణ్ణి ఇక్కడికి తెచ్చింది. ఉన్న పల్లెను తీసుకుని మరొకణ్ణి పక్కకు నెట్టింది. వచ్చినవాడు ఎల్లకాలం వచ్చినవాడుగా ఉంటాడన్న హామీ కూడా లేదు. 1961లో ఊరి బయట పెట్టిన పాలిమర్ల కర్మాగారం చుట్టూ పనికోసం, చవక స్థలంకోసం జనం చేరారు. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడినుంచి విషవాయువు వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మంది చనిపోయారు. 'కర్మాగారం ముందు వచ్చిందా, ఇళ్లు ముందు వచ్చాయా?' అన్న చర్చ వెంటనే లేచింది. చచ్చినవాడిదే తప్పని తేల్చడానికి ఇంతకంటె సులువైన దారి లేదు. గంగవరం జాలరులైతే తరతరాలుగా ఉన్నవారే. 2006లో తమ ఒడ్డు తమకు కావాలని అడిగితే తుపాకి జవాబు చెప్పింది. దిబ్బపాలెం ఖాళీ అయింది, రేవు వచ్చింది.

'ఎవరో ఒకరు కదలకపోతే పరిశ్రమలు ఎలా వస్తాయి?' అని మనలోనే కొందరు అడుగుతారు. పరిశ్రమ వద్దనడం అభ్యుదయం కాదు, నేనూ అనను. ప్రశ్న అది కాదు. ప్రజాప్రయోజనం పేరిట తీసుకున్న భూమి ఆ ప్రజల చేతిలోనే ఉంటుందా లేదా అన్నది ప్రశ్న. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో నూరుశాతం వాటాలు అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. సాయం మంచిదే. కాని అమ్మకపు నిర్ణయమన్నది ఒకసారి జరిగాక, 64 ఊళ్లవారు అడగవలసింది ఒకటి మిగులుతుంది: మేము ఇచ్చింది దేశానికా, రేపు కొనబోయేవాడికా? అదే 2025లో రుషికొండ దగ్గర 21.16 ఎకరాలను ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి నామమాత్రంగా 99 పైసల ధరకు కేటాయించారు. ఉద్యోగాలు వస్తాయన్నారు. ఉద్యోగాల హామీకి ఈ నేలమీద యాభై ఏళ్ల అనుభవం ఉంది. ఆ అనుభవం పేరు ఆర్ కార్డు.

ఉక్కు ఉద్యమ చరిత్ర రాసినవారు ప్రాణాలిచ్చినవారిని స్మరించారు, స్మరించాలి. ఊళ్లిచ్చినవారికి మాత్రం చివరి పేరాలో చోటిచ్చారు. 'ఆంధ్రుల హక్కు' అన్న మాటలో ఆ 64 ఊళ్ల హక్కు విడిగా వినపడలేదు. ఈ లోటు పూడ్చవలసిన పని ప్రభుత్వ శాఖలది కాదు, మనది.

పని కష్టమైనది కాదు, తొందరగా చేయవలసినది. ఊళ్లు విడిచినప్పుడు యవ్వనంలో ఉన్నవారు ఇప్పుడు డెబ్బై దాటినవారు. చరిత్ర శాఖల విద్యార్థులు నిర్వాసిత కాలనీలకు వెళ్లి, 64 ఊళ్ల పేర్లు, ఒక్కొక్క ఊరి చెరువు, గట్టు, కులాలు, కౌలుదారులు, పంటలు, ఇచ్చిన పరిహారం, దొరకని ఉద్యోగం అన్నీ రాసుకోవాలి. అలాగే రేవులో బరువు మోసిన కుటుంబాలను, బర్మా నుంచి తిరిగివచ్చిన కుటుంబాలను కలుసుకోవాలి. ఈ రెండు కథలూ ఒకే పుస్తకంలో, పక్కపక్కన రావాలి. కొత్తగా నగరానికి వచ్చే ప్రతి విద్యార్థీ, ప్రతి ఉద్యోగీ అద్దె ఎంతో, బస్సు ఎక్కడో అడుగుతాడు. ఆ పుస్తకం ఉంటే, తాను నిలబడ్డ చోట ముందు ఎవరున్నారో కూడా అడుగుతాడు. అడిగినవాడు రేపు ఆ ముందటివారి పక్కన నిలబడడానికి సిద్ధమవుతాడు.