చిగురుపన్ను నుంచి సబ్‌జైలు దాకా: మనవాళ్లూ, తాగుడు కేసులూ

మన పేటల్లో ఎవరినైనా సారా కేసులో పట్టుకెళ్తే ముందు అడిగే మాట "ఎన్ని లీటర్లు దొరికింది?" అని. తర్వాత "జామీనుకి ఎవరున్నారు?" అని. ఆ మనిషికి తాగుడు ఎన్నేళ్ల నుంచి ఉంది, ఒక్కసారిగా మానితే ఒంటికి ఏమవుద్ది అని స్టేషన్లో ఎవరూ అడగరు. నిజం చెప్పుకోవాలంటే మనమూ అడగం. ఈ అలవాటు ఇవాళ వచ్చింది కాదు. దీని వెనక దాదాపు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది.

గోదావరికి అవతల రంప కొండల్లో 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది. దాని కారణాల్లో పెద్దది కల్లు. తరతరాలుగా కొండవాళ్లు ఇంటి అవసరానికి గీసుకునే కల్లుని ఇక ఊరికే గీయకూడదని సర్కారు అంది. కల్లు పాటని మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టర్లకి ఇచ్చింది. అది చాలదన్నట్టు రంప మన్సబుదారు చిగురుపన్ను అని ఇంకోటి గుంజాడు. అప్పులిచ్చిన వ్యాపారులు కోర్టు డిక్రీలు పట్టుకుని మనవాళ్ల పశువుల్ని తోలుకుపోయేవాళ్లు. చివరికి పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య పేర్లు అప్పటివే. విచారణకి వచ్చిన రెవెన్యూ బోర్డు అధికారి సల్లివాన్ కూడా కల్లు నిబంధనలే ముఖ్య కారణమని తేల్చాడు. మన్సబుదారుని తీసేశారు. అల్లూరి సీతారామరాజు గారి గురించి పాఠాల్లో చదువుకున్నాం గానీ, ఆయనకి నలభై ఏళ్ల ముందటి ఈ కల్లు గొడవ మనలో చాలామందికి తెలియదు.

కల్లుని పొగడటానికి ఇది రాయట్లేదు. మన తాగుడు సర్కారుకి ఆదాయంలా కనపడింది, కాదంటే నేరంలా కనపడింది. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చి ఆ రెండింటినీ ఒకే పుస్తకంలో పెట్టింది.

మైదానంలో ఎరుకల వాళ్ల కథ వేరు. 1911 నేరస్థ తెగల చట్టం కింద మనుషుల్నే నేరస్థులుగా రాసుకున్నారు. సెటిల్‌మెంట్లు, హాజరీలు, ఊరు దాటాలంటే పాసు. 1952లో ఆ చట్టం పోయింది. 1962లో అలవాటు నేరస్థుల చట్టం, 1986లో పీడీ చట్టం వచ్చాయి. ఈ పీడీ చట్టం పేరులోనే సారా వ్యాపారులూ, మత్తుమందు నేరస్థులూ ఉన్నారు. విచారణ లేకుండా ఏడాది దాకా లోపల పెట్టొచ్చు.

ఇక నిషేధాలు. 1937 మద్యనిషేధ చట్టం 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా అమలైంది. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది కూడా ఈ గొడవ మీదే. దూబగుంట ఆడవాళ్లు లేచాక 1993 అక్టోబరు 1న సారా ఆగింది. 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. సారా మాత్రం నిషేధంలోనే ఉండిపోయింది. షాపులో కొన్న సీసా తాగితే ఖజానాకి డబ్బు, కొల్లేరు గట్టు మీద కాచింది అయితే కేసు.

నాటుసారా మంచిదని కాదు. అందులో ఏం కలిపారో తాగేవాడికి తెలియదు. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరసగా మనుషులు పోయారు. సారా వల్లేనని కుటుంబాలు అన్నాయి, సహజ మరణాలని అప్పటి ప్రభుత్వం అంది. ఆ తర్వాత జరిగింది దాడులే.

ఏజెన్సీలో బుట్టాయగూడెం, పోలవరం, జీలుగుమిల్లి వాళ్లకి 1996 పెసా చట్టం ఉంది, మత్తు పదార్థాల్ని అదుపు చేసే అధికారం గ్రామసభ దగ్గరే ఉంటుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంకల్లో ఉండే యానాదులకీ ఎరుకలకీ అది వర్తించదు. మైదానం కదా.

చికిత్స సంగతి చూద్దాం. ఎయిమ్స్ 2019లో ఇచ్చిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి తీసుకున్నది 180 మందిలో ఒక్కరే.

లాకప్‌లో అసలు ప్రమాదం ఇదీ. రోజూ బాగా తాగే మనిషికి మందు ఒక్కసారిగా ఆగితే మొదటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు మతి తప్పి ఏదేదో మాట్లాడతాడు, ప్రాణమూ పోవచ్చు. చూసేవాళ్లు నాటకం అనుకుంటారు. అరెస్టు చేసిన మనిషిని డాక్టరుకి చూపించాలని బీఎన్ఎస్ఎస్ 53వ సెక్షన్ చెప్తోంది. ఆ డాక్టరుతో "రోజూ తాగుతాడు, చివరిసారి తాగింది ఫలానా టైముకి" అని చెప్పే మనిషి ఇంటి నుంచి ఒకరు వెళ్లాలి. సిగ్గుపడి దాచేది మనమే.

గంజాయి కేసులో ఇంకో దారి ఉంది. అమెరికాలో మయామీలో 1989లో డ్రగ్ కోర్టు పెట్టి, శిక్షకి బదులు చికిత్స చూశారని గొప్పగా చెప్పుకుంటారు. మన 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 39వ సెక్షన్ ఉంది. బానిసైన మనిషిని, అతని ఒప్పుదలతో, కోర్టు చికిత్సకి పంపొచ్చు. 64ఎ ప్రకారం తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. సగంలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఇవి వాడకం కేసులకీ, కిలో లోపు గంజాయికీ మాత్రమే, సారా కేసుకి పనికిరావు. ఎవరో ఇచ్చిన బ్యాగు మోసి 20 కిలోల పైన దొరికిన తమ్ముడికీ పనికిరావు. అక్కడ పదేళ్లకి తగ్గని శిక్ష, 37వ సెక్షన్ వల్ల బెయిలు చాలా కష్టం.

మాలో కొందరం మనవాళ్ల కోసం కోర్టు మెట్ల మీద రోజులు గడిపినవాళ్లమే. అప్పుడు ఈ సెక్షన్ల పేరు మాకు చెప్పినవాళ్లు లేరు. ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ అంటోంది. 15100కి ఫోన్ చేయొచ్చు, లేదా ఏలూరు జిల్లా కోర్టులోనే న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి వెళ్లొచ్చు. తాగుడు మానాలనుకునేవాళ్లకి 14446. వెళ్లేటప్పుడు కుల ధ్రువపత్రం జిరాక్సు, ఆసుపత్రి చీటీ ఏదైనా ఉంటే అదీ పట్టుకెళ్లండి.