సయాము భాష నేర్చిన పరదేశీయులు

పరదేశమున కాపురముండి, ఆ దేశపు అన్నము తినుచు, ఆ దేశపు మాట మాత్రము తనకక్కరలేదనుకొనువారు పెక్కండ్రు గలరు. అట్టివాడు ఎన్ని యేండ్లున్నను అతిథియే గాని పొరుగువాడు కాజాలడు. ఇందునకు సయాము దేశచరిత్రమున చక్కని నిదర్శనము గలదు. 1939లో థాయిలాండను పేరు వహించిన దేశమిదియే.

ఫ్రాన్సు దేశస్థుడగు పాల్గ్వా యను క్రైస్తవాచార్యుడు 1830లో అచ్చటికి వచ్చెను. అప్పుడు మోంగ్‌కుట్ రాజకుమారుడు బౌద్ధభిక్షువై బాంకాకునందొక విహారమున నుండెను. వీరిరువురును ఒకరికొకరు గురువులును శిష్యులును నైరి. రాజకుమారుడు పాలీ నేర్పెను. ఆచార్యుడు లాటిను నేర్పెను. ఎవరి మతమును వారు విడువలేదు. చెలిమిని సైతము విడువలేదు.

ఆ భాష సులభమైనది కాదు. అందు 44 హల్లులును, ఐదు స్వరభేదములును గలవు. ‘మా’ యను నొక్క శబ్దమును చూడుడు. సమస్వరమున పలికినచో వచ్చుట యని యర్థము, హెచ్చుస్వరమున గుర్రము, క్రిందినుండి పైకి లేచు స్వరమున కుక్క. స్వరము తప్పిన పరదేశీయుడు గుర్రమును గోరి కుక్కను పొందవచ్చును! వ్రాతయందు పదమునకును పదమునకును నడుమ ఎడముండదు.

సంస్కృతపదములు పెక్కుగలవు గనుక మనకిది తేలికయని తెలుగువారు తలపవచ్చును. దక్షిణ హిందూదేశపు పల్లవ లిపినుండి ఖ్మేరు లిపియు, దానినుండి థాయి లిపియు వచ్చినమాట నిజమే. కాని అచ్చట గురువు ‘ఖ్రూ’, భాష ‘ఫాసా’, విద్య ‘విత్థయా’. వ్రాతలో పూర్వాక్షరములే నిలిచినను ఉచ్చారణము మారినది. ఇది తప్పుగా పలుకుటయని నవ్వువాడు ఆ భాషను నేర్వలేడు. పదము వారి యింట పెరిగినది గనుక వారి పలుకే ప్రమాణము.

పాల్గ్వా యిట్లు వినయముతో నేర్చి, 1850లో థాయి వ్యాకరణమును, 1854లో థాయి, లాటిను, ఫ్రెంచి, ఆంగ్లభాషల నిఘంటువును ప్రకటించెను. 1835లో వచ్చిన అమెరికా వైద్యుడు బ్రాడ్లీ ఆ దేశభాషయందు గ్రంథములను ముద్రించెను. నల్లమందును నిషేధించు రాజశాసనము 1839లో ఆ మిషనరీల ముద్రాలయముననే 9,000 ప్రతులు అచ్చుపడెను. 1844లో బ్రాడ్లీ థాయి భాషలో పత్రికను స్థాపించెను. పరభాష నేర్చుటవలన కలుగు మేలు నేర్చినవానితోనే ఆగదని దీనివలన తెలియుచున్నది.

మోంగ్‌కుట్ 1851లో రాజయ్యెను. ఆ బాంకాకుననే 1862లో పాల్గ్వా కాలధర్మము నొందెను. అప్పటికాయన అచ్చటివారికి పరదేశీయుడు కాడు.

మనవారును ఉద్యోగములకై పొరుగు సీమలకును, దూరదేశములకును కుటుంబములతో పోవుచున్నారు. ఇరుగుపొరుగువారితోను, అంగడివారితోను వారి మాటలో ఒక్క వాక్యమైనను ఆడనేర్వక దశాబ్దములు గడుపుట మనకు గౌరవమా? శిష్యుడగుటకు సిగ్గుపడనివానికే పరదేశము స్వదేశమగును.