పరుగునకు ప్రమాణము

మహాసభ సంచికకు చరిత్రవ్యాసమొకటి వ్రాయుడని కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు, వంశచరిత్రమునో దానశాసనములనో గూర్చి వ్రాయుదుమని వారు తలచియుందురు. అట్టివి లోగడ సంచికలలో చాలినన్ని వెలువడినవి. ఈ యేడు మేము పరుగుపందెములను గూర్చి వ్రాయదలచితిమి. ఇదియు చరిత్రమా యని శంకించు పాఠకులు కొంచెము ఓపిక పట్టుదురు గాక. జరిగిన సంగతి యెట్లు చరిత్రగా నిలుచునో, యెట్లు నిలువకపోవునో, ఒక తెలుగు యువతి పరుగువలన తేటతెల్లముగా గనవచ్చుచున్నది.

పరుగుపందెము మనకు క్రొత్తది గాదు. వాజపేయయాగమందు రథధావనమొక యంగము. దానికి ఆజియని పేరు. పదునేడు రథములు పరుగిడును. అయితే అందు గెలుపు యజమానునిదే యని ముందే నిశ్చితము. ఈ మాట కోనసీమ అగ్రహారములలో శ్రౌతమెఱిగిన పెద్దలకు విదితమే. గెలుపెవరిదో ముందు తెలియక, కొలత పెట్టి వ్రాసియుంచు పందెము మాత్రము మనకు ఇటీవలిది. 1919లో పూనా యందు దక్కన్ జింఖానావారి క్రీడలను జూచిన సర్ దోరాబ్జీ టాటాగారు, వట్టికాళ్లతో పరువెత్తు పల్లెటూరి యువకుల వేగమును ఐరోపావారి వేగముతో పోల్చి, 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్సుకు మనవారిని పంపుటకు పూనుకొనిరి. గడియారము పట్టి కొలువకున్న ఆ పోలికయే పుట్టియుండదు. 1946లో భారత అథ్లెటిక్సు సమాఖ్య యేర్పడెను. ఆ సమాఖ్యవారి జాతీయ ఓపెన్ పోటీలలో రాష్ట్రముల జట్లతోపాటు రైల్వేలు, సేనాదళములు మొదలగు సంస్థల జట్లును పాల్గొనును.

ఈ పోటీలలో అఱువదియవది 2021 సెప్టెంబరులో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియమున జరిగినది. అందు పంజాబు యువతి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్ల దూరమును 4 నిమిషముల 5.39 సెకండ్లలో ముగించి, 2002 నుండి నిలిచియున్న సునీతారాణి జాతీయ రికార్డును దాటెను. సునీతారాణి ఆ రికార్డును బూసాన్ ఏషియా క్రీడలలో నెలకొల్పెను. మందుపరీక్షలో దోషము గలదని ఆమె పతకములు మొదట తీసివేయబడి, ఆపై మరల ఇయ్యబడెను. ఆ బూసాన్ క్రీడలలోనే హర్మిలన్ తల్లి మాధురీసింగ్ 800 మీటర్ల పరుగున రజతము గెలిచియుండుట విశేషము.

ఇక మా ముఖ్యవిషయమునకు వత్తుము. కుమారి యర్రాజి జ్యోతి 1999లో విశాఖపట్టణమున జన్మించెను. తండ్రి కాపలాదారు, తల్లి ఇండ్లలో పనిచేసి కుటుంబమును బోషించినది. పోర్ట్ హైస్కూలులో చదువునప్పుడు ఆమె పొడవును జూచి, ఈ పిల్ల హర్డిల్సుకు తగునని గుర్తించినవారు ఆ పాఠశాల వ్యాయామోపాధ్యాయులు. డ్రిల్లు మాస్టరుగారిని పండితులు చిన్నచూపు చూచుట పాఠశాలలలో కలదు; మేమెఱుగుదుము. పిదప ఆమె హైదరాబాదులో ద్రోణాచార్య పురస్కార గ్రహీతయగు నాగపురి రమేశ్‌గారియొద్దను, భువనేశ్వరమున జేమ్స్ హిలియర్ అను ఆంగ్లేయ శిక్షకునియొద్దను అభ్యాసము చేసెను.

హర్డిల్సనగా అడ్డుగా నిలిపిన చట్రములను దాటుచు పరువెత్తుట. స్త్రీల పందెమున నూఱు మీటర్లలో పది చట్రములు. ఒక్కొక్కటి సుమారు 84 సెంటీమీటర్ల యెత్తు. మొదటిది 13 మీటర్ల దూరమున, తక్కినవి 8.5 మీటర్ల కొకటి చొప్పున నుండును. ఈ పందెమున 2002లో అనురాధా బిశ్వాల్ నెలకొల్పిన 13.38 సెకండ్ల జాతీయ రికార్డు ఇరువదియేండ్లు కదలలేదు.

2020 జనవరిలో మూడబిదిరె యందలి అఖిలభారత విశ్వవిద్యాలయ పోటీలలో జ్యోతి 13.03 సెకండ్లలో పరువెత్తెను. అది లెక్కకు రాలేదు. అచట ఆమెకు మందుపరీక్ష జరుగకపోవుట ఒక కారణము. 2022 ఏప్రిలులో కోళిక్కోడు ఫెడరేషన్ కప్పు పోటీలలో 13.09. ఇదియు లెక్కకు రాలేదు. వెనుకనుండి వీచు గాలి సెకండునకు 2.0 మీటర్లు మించినచో రికార్డు చెల్లదని నియమము. ఆ దినము గాలి 2.1. గాలిని కొలుచు యంత్రమును పరుగుబాట ప్రక్కన, గమ్యమునకు 50 మీటర్ల దూరమున, నేలకు 1.22 మీటర్ల యెత్తున నిలిపి, ఈ పందెమునకు పదమూడు సెకండ్లు కొలుతురు. పతకము దక్కినది, రికార్డు దక్కలేదు. కట్టకడపట 2022 మే నెలలో సైప్రస్ దేశమందలి లిమాసోల్‌లో 13.23 సెకండ్లతో ఆమె పేరు పట్టికకెక్కెను. అక్టోబరు మొదట గుజరాతు జాతీయ క్రీడలలో 12.79, గాలి 2.5. మరల చెల్లలేదు. అదే నెల 17వ తేదీన బెంగుళూరున జరిగిన అఱువదియొకటవ జాతీయ ఓపెన్ పోటీలలో 12.82. ఇది చెల్లినది! పదమూడు సెకండ్లలోపు చెల్లుబాటుగా ఈ పందెమును ముగించిన మొదటి భారతీయ స్త్రీ యనిపించుకొనెను. చెల్లినదానికంటె చెల్లనిది సెకండులో మూడు శతాంశములు వడిగలది. అయినను చరిత్రమున నిలిచినది వెనుకటిదే. శబ్దమునకు ప్రమాణము గావలెనని మేము శాస్త్రములందు చదివితిమి, పాదమునకును గావలెను.

తరువాత ఆమె 2023లో బ్యాంకాక్ ఏషియా పోటీలలో స్వర్ణము, చెంగ్డూ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78తో కాంస్యము, హాంగ్‌ఝౌ ఏషియా క్రీడలలో రజతము. 2025లో గుమి యందు మరల స్వర్ణము గెలిచెను. 2024 పారిస్ ఒలింపిక్సులో ఈ పందెమున పాల్గొన్న మొదటి భారతీయురాలు ఆమెయే.

మన కోనసీమ మాటయేమి? అమలాపురమునుండి రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ బయలుదేరి, 2023 హాంగ్‌ఝౌలో చిరాగ్ శెట్టితో గూడి బ్యాడ్మింటన్ స్వర్ణము తెచ్చెను. బ్యాడ్మింటన్ కోర్టునకు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు చాలును. 400 మీటర్ల పరుగుబాటకు సుమారు నాలుగెకరములు కావలెను. రాజోలులోగాని కొత్తపేటలోగాని నాలుగెకరములనగా సుమారు రెండువందల యేబది కొబ్బరిచెట్లు. వాని ఫలసాయమును వదలుకొమ్మని యెవరిని అడుగగలము? వానకాలమున నీరు నిలుచు లంకభూమి వేఱొక కష్టము. కావున మన పిల్లలు గట్లమీదను, కాలువరోడ్లమీదను పరువెత్తుదురు. అందొకరు పదమూడు సెకండ్ల పిల్లయో కాదో యెవరు చెప్పగలరు? కొలిచినవారు లేరు.

ఈ సంచికలో ప్రతివత్సరము పరీక్షలలో ఉత్తీర్ణులైన విద్యార్థుల పేర్లు మార్కులతో నచ్చువేయుచున్నారు, సంతోషము. విద్యార్థివేతనములను మార్కులనుబట్టియే యిచ్చుచున్నారు. సభలలో బాలబాలికలకు పరుగుపందెములు పెట్టి, స్టీలుగ్లాసు నొకదానిని చేతబెట్టి పంపివేయుచున్నారు. పేరు వ్రాయరు, దూరము కొలువరు. దాతలు మన్నించినచో మా మనవి యిది. టేపుతో నూఱు మీటర్లు కొలిచి గీత గీయవలెను. స్టాప్‌వాచీ యొకటి కొనవలెను. దాని వెల వేదికమీది పూలదండల వెలకు మించదు. పిల్లల పేరు, వయస్సు, గ్రామము, దూరము, కాలము సంఘపుస్తకమున వ్రాయించి, మార్కుల ప్రక్కనే అచ్చువేయవలెను. వేతనములలో రెండు వడిగల పిల్లలకు ప్రత్యేకించినచో వారు హైదరాబాదునకో విశాఖకో పోయి శిక్షణ పొందగలరు. మనయొద్ద గాలిని కొలుచు యంత్రము లేదు గావున, చేతిగడియారముతో గొలిచినదనియు, ఆనాడు గాలి యెటువీచెనో యదియు, పేరుక్రింద వ్రాయవలెను.