పాత ట్రక్కుల్లో పవర్ స్టీరింగ్ లోపాల గుర్తింపు

ఇంజను బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో స్టీరింగ్ బాక్సులోకి పంపి, డ్రైవరు చేతిబలానికి తోడునిచ్చే ఏర్పాటు హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో పియర్స్-ఆరో వాహనంపై దీన్ని ప్రదర్శించాడు; 1951లో క్రిస్లర్ ఇంపీరియల్ కారుతో అమ్మకానికి వచ్చింది.

స్టీరింగ్ బరువెక్కితే ముందు టైర్ల గాలి, ఆయిల్ మట్టం చూడాలి. ఆయిల్ నురగ కడితే గాలి చొరబడుతున్నట్టు. పూర్తిగా తిప్పినప్పుడు బెల్టు కీచుమంటే అది వదులైందన్నమాట.

తప్పు పంపుదా, బాక్సుదా అన్నది తేల్చేది ప్రెషర్ గేజి. దాన్ని ప్రెషర్ హోస్‌కు కలిపి, గేజికున్న వాల్వును 5 సెకన్లకు మించకుండా మూసి చూస్తారు. తయారీదారు చెప్పినంత ఒత్తిడి వస్తే పంపు మంచిదే. వాల్వు తెరిచి, స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి క్షణంపాటు పట్టుకున్నప్పుడు ఒత్తిడి తగ్గి కనిపిస్తే బాక్సు లోపల లీకున్నట్టు. ఈ పరీక్ష లేకుండా పంపు మార్చడం డబ్బు దండగే.

ముందు చక్రాలను జాకీతో లేపినా బిగుతు పోకపోతే కింగ్‌పిన్‌లను, బాల్ జాయింట్లను కూడా అనుమానించాలి. స్టీరింగ్ వదులుగా ఆడితే, ఒకరు దాన్ని అటూఇటూ కదుపుతుండగా మరొకరు టై రాడ్ చివరలు, డ్రాగ్ లింక్, పిట్‌మన్ ఆర్మ్ పరిశీలించాలి. వీటిని చూడకుండా బాక్సు మీది స్క్రూ బిగించడం ప్రమాదకరం: బిగుతు మితిమీరితే మలుపు తర్వాత చక్రాలు వాటంతటవి నేరుగా రావు.